మారిషస్ జనాభా అంచనా మీరే వేసి చూడండి

డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పడం నా పని. జనాభా అంచనాల పాఠం వచ్చిందంటే ఏటా మారిషస్ లెక్కే చేయిస్తాను. కోరంగి రేవు నుంచి మనవాళ్లు ఓడెక్కి వెళ్లిన దేశమన్న మమకారం ఒకటి. దేశం మొత్తం ఒక్క ఎక్సెల్ షీట్‌లో పట్టేస్తుందన్న సౌకర్యం ఇంకొకటి.

ముందు మీ చేతిలో ఉన్న అంకె ఎవరెవరిని కలుపుకుందో చూసుకోండి. మారిషస్ దీవి ఒక్కటేనా, రోడ్రిగ్స్, అగలేగా కూడా ఉన్నాయా? రోడ్రిగ్స్‌లోనే 40 వేలకు పైగా జనం ఉన్నారు. ఒక ఏడాదికి దీవి అంకె, మరో ఏడాదికి దేశం అంకె పెట్టారంటే లేని పెరుగుదల కనిపిస్తుంది.

తర్వాత ఆడ, మగ విడివిడిగా అయిదేళ్ల వయసు గడులు గీయండి. ఇక్కడ తొందరపడొద్దు. 20–24 గడిలో 1,000 మంది ఆడవాళ్లు ఉన్నారనుకుందాం. అయిదేళ్లలో అయిదుగురు చనిపోతారనుకుంటే, మిగిలిన 995 మంది 25–29 గడిలోకి దిగాలి. అన్ని గడులూ ఇలాగే ఒక మెట్టు దిగాక 0–4 గడి ఖాళీగా మిగులుతుంది. 15 నుంచి 49 ఏళ్ల మహిళలకు ఆ అయిదేళ్లలో పుట్టే పిల్లలతో దాన్ని నింపాలి. 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లల చొప్పున పంచి, పసితనంలోనే పోయేవాళ్లను తీసేయండి.

మరి ఒక్కో మహిళకు ఎంతమంది పిల్లలని రాయాలి? అంచనా నిలిచేదీ కూలేదీ ఈ ఒక్క అంకె మీదే. 1940ల చివర్లో మలేరియాను తరిమేశాక మారిషస్‌లో మరణాలు పడిపోయాయి, జననాలు మాత్రం తగ్గలేదు. 1960ల మొదట్లో సగటున ఒక్కో మహిళకు ఆరుగురు పిల్లలు. అదే తీరు సాగితే శతాబ్దం చివరికి జనాభా 30 లక్షలకు చేరువవుతుందని ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ వంటివారు హెచ్చరించారు. 2000లో లెక్కపెడితే 12 లక్షల లోపే ఉన్నారు! ఆయన కూడికలు తప్పని నేను అనను. 'అదే తీరు సాగితే' అన్న షరతు నిలవలేదు, అంతే. కుటుంబ నియంత్రణ ఊరూరా చేరింది, ఆడపిల్లలు చదువుకున్నారు, ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకు వెళ్లారు. ఇప్పుడా సగటు 1.5 కూడా లేదు. అందుకే ఒక్క అంకెతో ఆగకండి. ఇంత తక్కువగానే ఉంటే, కొంచెం పెరిగితే, ఇంకా తగ్గితే అని మూడు షీట్లు చేయండి. ప్రతి షీట్ పైనా షరతు రాసిపెట్టండి.

ఇక వలసలు. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు నేను ఆ కాలమ్ వదిలేశాను. 2011 జనాభా లెక్కల నుంచి మొదలుపెట్టి 2022కి వస్తే నా అంకె పెరిగింది. అసలు లెక్క 2011లో సుమారు 12.37 లక్షలు, 2022లో 12.35 లక్షలు. ఆ పదకొండేళ్లలో పుట్టినవాళ్లు చనిపోయినవాళ్లకంటే ఎక్కువే, అయినా మొత్తం పెరగలేదు. రాత్రంతా ఫార్ములాలు వెతుక్కుంటూ టెన్షన్ పడ్డాను. ఫార్ములాలు సరిగ్గానే ఉన్నాయి. దేశం విడిచి వెళ్లినవాళ్లు నా షీట్‌లో ఇంకా ఇంట్లోనే ఉన్నారు.

మీరూ 2011 నుంచి 2022కి ఒకసారి వేసి చూడండి. ఏ వయసు గడిలో తేడా ఎక్కువగా వస్తుందో అక్కడ రంగు పూసి, వలస కాలమ్ అక్కడి నుంచే నింపడం మొదలుపెట్టండి. 2050 అంకె జోలికి ఆ తర్వాతే వెళ్లండి.