జర్మనీ బడిలో చేరిన మన పిల్లలు: ఇంగ్లిష్‌కి ఒక లక్ష్యం, జర్మన్‌కి ఇంకో లక్ష్యం

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి, పిల్లల్ని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చేర్చిన అమ్మానాన్నలు నన్ను మొదట అడిగేది ఒకటే. "అక్కా, బీ1 ఎన్ని నెలల్లో వస్తుంది?" వారాంతాల్లో ఈ పిల్లలకి భాష చెబుతుంటాను కాబట్టి నా దగ్గర ఏదో టైమ్‌టేబుల్ ఉంటుందని వాళ్ల ఆశ. ఆ వెంటనే ఇంకో మాట ధీమాగా అంటారు. "ఇంగ్లిష్ గురించి బెంగ లేదు లెండి, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే."

బీ1 అన్నది భాష ఎంతవరకు వచ్చో చెప్పే ఒక మెట్టు, సర్టిఫికెట్ మీద ఉండే మాట. సోమవారం పొద్దున బయాలజీ క్లాసులో కూర్చున్న పిల్లాడికి అది ఏ దారీ చూపించదు. ఇక ఇంగ్లిష్ సంగతి, ఆ ధీమా మొదటి వకాబులరీ టెస్టు దాకానే. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లాడి చేతా రెండు వేరు వేరు కాగితాలు రాయిస్తాను, జర్మన్‌కి ఒకటి, ఇంగ్లిష్‌కి ఒకటి. ఆ కాగితాల్లో ఏం రాయాలో, ఏం రాయకూడదో ఇక్కడ చెబుతున్నాను.

ముందు కొలతలు, క్లుప్తంగా

కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో తెచ్చిన, భాష ఎంత వచ్చో కొలిచే చట్రంలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు ఉన్నాయి. ఇక్కడి బడులు కొలిచేది దానితోనే. పదో తరగతి చివర వచ్చే మిట్లరర్ షూల్‌అబ్‌ష్లుస్‌కి ఇంగ్లిష్‌లో బీ1 స్థాయి ఆశిస్తారు. యూనివర్సిటీలో చేరడానికి అర్హత ఇచ్చే చివరి పరీక్ష ఆబిటూర్‌కి బీ2, కొన్ని నైపుణ్యాల్లో సీ1 దాకా. జర్మన్ రాకుండా వచ్చిన పిల్లలకి ముందు ప్రత్యేక తరగతి ఉంటుంది. మా హెస్సెన్‌లో దాన్ని ఇంటెన్సివ్‌క్లాసె అంటారు. బవేరియాలో డోయిచ్‌క్లాసె, బెర్లిన్‌లో విల్‌కొమ్మెన్స్‌క్లాసె. పేరు రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, నియమాలూ మారతాయి. కాబట్టి మ్యూనిక్‌లో ఉన్న మీ తోడికోడలు చెప్పింది మీకు వర్తించకపోవచ్చు.

ఇంకొక్క సంగతి. ఆటలాడుకునే భాష వేరు, పాఠం రాసే భాష వేరు అని కెనడాలోని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లోనే విడదీసి చెప్పాడు. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన లెక్క. "వీడు బయట పిల్లలతో గడగడా మాట్లాడతాడు, హిస్టరీలో మాత్రం ఐదు వచ్చింది" అని వాపోయే తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి. (ఇక్కడ ఒకటి అంటే అందరికన్నా మంచి మార్కు, ఆరు అంటే అన్నిటికన్నా తక్కువ. మనవాళ్లు మొదటి ప్రోగ్రెస్ కార్డు చూసి తలకిందులుగా సంతోషపడతారు.)

కాగితం మీద ఎలా రాయాలి

ఆగస్టు, సెప్టెంబరుల్లో బడి మొదలవుతుంది. జనవరి చివరో ఫిబ్రవరి మొదటో అర్ధ సంవత్సరం ట్సోయిగ్నిస్, అంటే మార్కుల పత్రం, ఇస్తారు. లక్ష్యాల గడువు కూడా ఆ అర్ధ సంవత్సరమే. ఏడాది మొత్తానికి రాస్తే పిల్లలు మే నెల దాకా దాని మొహం చూడరు.

ప్రతి లక్ష్యం "నేను ఫలానా చోట ఫలానా పని చేస్తాను" అన్నట్టుండాలి. "గ్రామర్ ఇంప్రూవ్ చేసుకుంటాను" అని రాసుకొస్తే నేను కొట్టేస్తాను. పిల్లే తన చేత్తో రాయాలి, తెలుగులో రాసినా ఫరవాలేదు. ఒకసారికి నాలుగైదు చాలు. నాన్నగారు ఎక్సెల్‌లో తయారుచేసి తెచ్చిన ముప్ఫై లైన్ల పట్టికలు నా దగ్గర కట్టలుగా ఉన్నాయి, ఒక్కటీ పనికిరాలేదు.

జర్మన్ కాగితం

కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి లక్ష్యం దాదాపు ఎప్పుడూ ఇదే: "అర్థం కాకపోతే చెయ్యెత్తి, మళ్లీ చెప్పమని జర్మన్‌లో అడుగుతాను." దానికి కావలసింది ఒక్క వాక్యం, "క్యోన్నెన్ జీ దస్ బిట్టె నోఖ్ మాల్ ఎర్‌క్లేరెన్?" నోరు తిరిగేదాకా ఇంట్లో వల్లె వేయించండి. రెండోది, "హోంవర్క్ ఏమిచ్చారో పక్కన కూర్చున్నవాణ్ణి అడిగి రాసుకుంటాను." టీచర్‌కి జీ, తోటి పిల్లలకి డూ. మీరు, నువ్వు తెలిసిన పిల్లలకి ఇది విడిగా నేర్పనక్కర్లేదు. కాకపోతే "సర్", "మేడమ్" అనే అలవాటు మాన్పించాలి. ఇక్కడ ఫ్రావ్ అనో హెర్ అనో చేర్చి ఇంటిపేరుతో పిలుస్తారు.

తర్వాతది ఆర్టికల్, నామవాచకం లింగాన్ని చెప్పే డెర్, డీ, దస్. "కొత్త నామవాచకాన్ని డెర్, డీ, దస్, దాని బహువచనం లేకుండా నోట్‌బుక్‌లో రాయను." డెర్‌కి నీలం, డీకి ఎరుపు, దస్‌కి ఆకుపచ్చ అని రంగు పెన్నులతో రాయించే పద్ధతి ఇక్కడి పుస్తకాల్లోనూ ఉంది. విసుగ్గా ఉంటుంది గానీ, రెండేళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం అంతకన్నా విసుగు.

వాక్య నిర్మాణంలో మన పిల్లలకి ఒక లాభం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. వైల్ (ఎందుకంటే) అనే మాటతో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది: "వైల్ డెర్ బుస్ నిష్ట్ గెకొమ్మెన్ ఇస్ట్", అంటే బస్సు రాలేదు కాబట్టి. ఇంగ్లిష్‌లో ఆలోచించే పిల్లలు ఇక్కడ తడబడతారు. తెలుగులో ఆలోచిస్తే క్రియ ఎలాగూ చివరే వస్తుంది. అలాగే "నాకు నచ్చింది", "నాకు చలిగా ఉంది" అనే మన వాక్యాలు "మిర్ గెఫేల్ట్ దస్", "మిర్ ఇస్ట్ కాల్ట్"కి సరిగ్గా సరిపోతాయి. ఇంగ్లిష్ మీదుగా వెళ్లిన పిల్లలు "ఇష్ బిన్ కాల్ట్" అంటారు, అది తప్పు. డేటివ్ విభక్తి అంటే పిల్లలకి టెన్షన్. "మన 'నాకు' లాంటిదే" అని చెప్పండి, సగం భయం పోతుంది. ఉచ్చారణలోనూ అంతే. ష్టట్ అంటే ఊరు, ష్టాట్ అంటే రాజ్యం. ఈ హ్రస్వ దీర్ఘాల తేడా మనకి గుణింతాల్లోనే వచ్చేసింది. మనకి కొత్త శబ్దం రెండు చుక్కల యూ (ü). పెదాలు 'ఊ' అన్నట్టు పెట్టి, నాలుకతో 'ఈ' అనమంటాను.

ఇక అసలు విషయానికొస్తాను. ఇంటెన్సివ్‌క్లాసె నుంచి మామూలు తరగతికి మారాక పిల్లలు పడిపోయేది ఓపెరాటోరెన్ దగ్గర. పరీక్ష ప్రశ్నలో ఏం చేయాలో చెప్పే ఆజ్ఞా క్రియల్ని అలా అంటారు. నెన్నెన్ అంటే పేర్లు చెప్పి ఊరుకోవాలి. బెష్రైబెన్ అంటే కనిపించింది వర్ణించాలి, కారణాలు చెప్పకూడదు. ఎర్లోయిటర్న్ అంటే ఉదాహరణలతో విడమర్చాలి. బెగ్ర్యుండెన్‌కి కారణం కావాలి. ఎర్యోర్టర్న్ వచ్చిందంటే రెండు వైపులా వాదించి, చివర మీ మాట చెప్పాలి. ఇవి మూడు స్థాయిలుగా ఉంటాయి. జాగ్రఫీలో వానల పటం ఇచ్చి "బెష్రైబె" అంటే, మనవాడు రుతుపవనాల మీద తనకి తెలిసిందంతా రాసి వస్తాడు. తెలివి ఉంది, జవాబు లేదు.

కాబట్టి రెండో అర్ధ సంవత్సరం కాగితంలో ఇలాంటివి ఉండాలి: "పటం, గ్రాఫ్ ఏది ఇచ్చినా ముందు దాని పేరు, తర్వాత ఏ అక్షం మీద ఏముందో, తర్వాత ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో, ఐదు వాక్యాల్లో చెబుతాను." "ప్రశ్నలో క్రియ కింద గీత గీయకుండా జవాబు మొదలుపెట్టను." ఈ రెండోది అన్ని సబ్జెక్టుల్లోనూ పనిచేస్తుంది. ఓపెరాటోరెన్ జాబితా బడిలోనే అడగండి, సంకోచించకుండా ఇస్తారు.

చెయ్యెత్తడం కూడా మార్కే

మన దగ్గర నోరు మూసుకుని వింటే మంచి పిల్లాడు. ఇక్కడ వాడికే మార్కు తగ్గుతుంది. మ్యుండ్లిష్, అంటే క్లాసులో మాట్లాడి పాల్గొనడం, చివరి మార్కులో పెద్ద వాటా. "పిరియడ్‌కి ఒక్కసారైనా చెయ్యెత్తుతాను" అని రాయించండి, ఎప్పుడు ఎత్తాలో కూడా చెప్పండి. హోంవర్క్ సరిచూసే మొదటి పది నిమిషాలు అన్నిటికన్నా సులువు, జవాబు ముందే నోట్‌బుక్‌లో ఉంటుంది. చదివేస్తే చాలు. చర్చ మొదలయ్యాక భాష సరిపోని పిల్లలకి సందు దొరకదు.

ఇంగ్లిష్ కాగితం

ఏడో తరగతి ఇంగ్లిష్ పుస్తకం చూసి మన పిల్లలు నవ్వుతారు. "ఇదంతా నేను మూడులో చదివేశా, టీచర్." సరే. శుక్రవారం వకాబులరీ టెస్టు వస్తుంది. ఒక వైపు ఇంగ్లిష్ మాట, రెండో వైపు జర్మన్ అర్థం రాయాలి. ఇంగ్లిష్ అంతా తెలిసిన పిల్ల సగం ఖాళీగా వదిలేసి వస్తుంది. అందుకే ఇంగ్లిష్ కాగితంలో నా మొదటి లక్ష్యం: "పాఠం చివరి పట్టికలో జర్మన్ వైపు మాటల్ని ఆర్టికల్‌తో సహా నేర్చుకుంటాను." ఇంగ్లిష్ పుస్తకమే మీ పిల్లకి దొరికే మంచి జర్మన్ పుస్తకం. అర్థం ముందే తెలిసిన మాటలకి జర్మన్ పేరు నేర్చుకోవడం అన్నిటికన్నా తేలిక.

రెండోది మీడియేషన్, జర్మన్‌లో ష్ప్రాఖ్‌మిట్లుంగ్. ఒక జర్మన్ వ్యాసం ఇస్తారు. "ఇంగ్లండ్‌లో ఉన్న నీ స్నేహితుడికి ఇందులో అతనికి కావలసిన విషయాలు మెయిల్ రాయి" అంటారు. వాక్యానికి వాక్యం తర్జుమా చేస్తే మార్కులు పోతాయి, అక్కర్లేనివి వదిలేసి అవసరమైనవి ఏరి చెప్పాలి. దీనికి తయారీ మీ ఇంట్లోనే ఉంది. బడి నుంచి తల్లిదండ్రులకి వచ్చే ఉత్తరం, ఎల్టర్న్‌బ్రీఫ్, పిల్లాడి చేత చదివించి, "మనం ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఎంత కట్టాలి?" అని తెలుగులో అడగండి. మూడు ముక్కల్లో చెప్పాక, అవే ఇంగ్లిష్‌లో రాయమనండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో మీరే పెట్టేసుకుంటే ఈ అవకాశం పోతుంది.

మూడోది, రాసే తీరు. కథ ఇచ్చి పాత్ర స్వభావం విశ్లేషించమంటే, ప్రతి మాటకీ పాఠంలోని లైన్ నంబర్ చూపించాలి. అందమైన మాటలతో పేజీ నింపితే దక్కేది తక్కువ. మన ఇంగ్లిష్‌లో కొన్ని అలవాట్లు కూడా ఎర్ర ఇంకుతో తిరిగొస్తాయి: "డిస్కస్ అబౌట్", "ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్", "టుడే ఇట్‌సెల్ఫ్". పిల్లలు అలుగుతారు. వాదించకుండా, తిరిగొచ్చిన ప్రతి తప్పునీ ఒక పేజీలో రాసిపెట్టి, తర్వాతి క్లాసెన్‌ఆర్బైట్ (క్లాసులో రాసే పరీక్ష) ముందురోజు చదవమనండి. బ్రిటిష్ స్పెల్లింగ్, అమెరికన్ స్పెల్లింగ్ ఏదైనా సరే, ఒకే పేపర్‌లో రెండూ కలపొద్దు.

సర్టిఫికెట్ కావాలా?

బడి అడగకపోతే తొందర లేదు. ఇండియా నుంచి బయలుదేరే ముందు ఖాళీ ఉంటే గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఏ1, ఏ2 పిల్లల పరీక్షలు మంచి అలవాటు చేస్తాయి, వాటి పేరు ఫిట్ ఇన్ డోయిచ్. బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగు విడి మాడ్యూళ్లు. ఒక్కొక్కటి వందకి అరవై వస్తే పాస్, పోయినదాన్ని మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. దాని కోసం బడి హోంవర్క్ మాన్పించి కోచింగ్‌కి పంపడం మాత్రం నాకు నచ్చదు.

రోజువారీ పని గురించి ఎక్కువ చెప్పను. కికా చానెల్లో పిల్లల వార్తలు లోగో చూడడం, జర్మన్ ప్రసార సంస్థ డోయిచె వెలె నెమ్మదిగా చదివే వార్తలు వినడం, వారానికి రెండు రోజులు ఏదో ఒక స్పోర్ట్స్ క్లబ్. బ్యాడ్మింటన్ కోచ్ అరిచే జర్మన్ ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి. మీరు ఆఫీసులో నేర్చుకున్న ముక్కల జర్మన్ పిల్లల మీద ప్రయోగిస్తే వాళ్లకి ఒరిగేదేమీ లేదు.

టీచర్‌ని కలిసేటప్పుడు

ఎల్టర్న్‌ష్ప్రెఖ్‌టాక్, అంటే తల్లిదండ్రుల సమావేశంలో మీకు దొరికేది పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా తక్కువ. "మావాడు ఎలా ఉన్నాడు?" అని మొదలుపెడితే "బాగానే ఉన్నాడు"తో అయిపోతుంది. కాగితాలు రెండూ తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. జర్మన్ టీచర్‌ని రెండు అడగండి: క్లాసులో ఎన్నిసార్లు చెయ్యెత్తుతున్నాడు, ఏ ఓపెరాటర్ దగ్గర తడబడుతున్నాడు. కొత్తగా వచ్చిన పిల్లలకి మార్కుల్లో సడలింపు ఎప్పటిదాకా ఉంటుందో, పరీక్షలో డిక్షనరీ వాడనిస్తారో కూడా అక్కడే అడిగేయండి. ఇంగ్లిష్ టీచర్‌ని మీడియేషన్ మార్కు విడిగా చెప్పమనండి. పిల్లని వెంట తీసుకెళ్లండి, జవాబులు తనే రాసుకోవాలి. ఇంటికొచ్చాక పాత కాగితంలో అయినవి కొట్టేసి, తర్వాతి అర్ధ సంవత్సరానివి ఆ రాత్రే రాయించేయండి. రెండు రోజులాగితే టీచర్ ఏమన్నారో ఇద్దరికీ గుర్తుండదు.