సముద్రం దాటే ముందు తెరచాప పడవలో వచ్చే సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేటి పాయలో నేనూ మా బావా నాలుగు నెలలుగా పడవలోనే కాపురం ఉంటున్నాం. 33 అడుగుల పాత ఫైబర్ పడవ, నడిచేది తెరచాప మీద, అవసరానికి చిన్న డీజిల్ ఇంజిన్ ఉంది. పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం దాకా వెళ్ళాలని మా ప్రయత్నం. మ్యాపు మీద నేరుగా గీత గీస్తే సుమారు 750 నాటికల్ మైళ్ళు, గంటకు 5 నాటికల్ మైళ్ళు, అంటే 5 నాట్ల వేగం పడితే ఆరేడు రోజులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతాన్ని నమ్మలేం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరులో ఎంత వాన కురిసిందో ఇక్కడ అందరికీ గుర్తే. అందుకే ఫిబ్రవరి అనుకున్నాం.

సమస్యల్లోకి వెళ్ళే ముందు ఒక మాట. లంగరేసి నిలబడిన పడవ వేరు, ఒరిగి పరిగెత్తే పడవ వేరు. మనకి అండమాన్ తూర్పున, కాస్త దక్షిణంగా ఉంటుంది. ఫిబ్రవరిలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. అంటే దారి పొడుగునా గాలి ఎడమవైపు నుంచే తగులుతుంది, పడవ రాత్రీ పగలూ కుడివైపుకే ఒరిగి ఉంటుంది. వారం రోజులు అలా ఒరిగి ఉన్న ఇంట్లో వండుకోవాలి, పడుకోవాలి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి. కాబట్టి బయలుదేరే నెల ముందే మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి వెళ్ళి, అదే ఒరుగుతో కనీసం ఆరు గంటలు నడిపి రండి. కింద రాసినవాటిలో సగం ఆ ఆరు గంటల్లోనే మాకు బయటపడ్డాయి.

అడుగున నీళ్ళు చేరుతున్నాయి

బిల్జిలో, అంటే పడవ అట్టడుగు గుంటలో, నీళ్ళు కనపడగానే పంపు వేసి తోడేసి, పనైపోయింది అనుకోవద్దు. ఆ నీళ్ళ మీద నూనె తెట్టు లేకపోతే వేలు ముంచి నాలుక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తోంది. చప్పగా ఉంటే వాననీళ్ళో, తాగునీళ్ళ ట్యాంకో. వాననీళ్ళయితే మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే స్టీలు తీగలు డెక్‌లోకి దిగే చోట ముందు చూడండి, అక్కడ సీలెంట్ ఎండకి పగిలి ఉంటుంది.

పాయలో ఉన్నన్నాళ్ళూ మా బిల్జి పొడిగానే ఉంది. ఆరు గంటలు తిరిగొచ్చేసరికి రెండు బకెట్ల ఉప్పునీళ్ళు. బావ చెక్క ఎత్తి చూసి "ఏందిరా ఇది, గ్లాండేనా?" అన్నాడు. పడవని నడిపే పంకా షాఫ్ట్ బయటికి వెళ్ళే చోట నీళ్ళు లోపలికి రాకుండా ఆపే ఆ గ్లాండ్‌నే ముందు అందరూ అనుమానిస్తారు, మేమూ దాని నట్టే బిగించాం. మర్నాడు తిరిగొస్తే మళ్ళీ బకెట్టు నీళ్ళు, పైగా గ్లాండ్ ముట్టుకుంటే చురుక్కుమంది. తాడు ప్యాకింగ్ ఉన్న గ్లాండ్ అయితే షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాల్సిందే, ఆ నీళ్ళే దాన్ని చల్లగా ఉంచుతాయి. ఇంజిన్ ఆపాక మాత్రం కారకూడదు. ఆపాక చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, కాలితే ఎక్కువ బిగించారని అర్థం.

చివరికి దారి చూపించింది ముగ్గుపిండి. మా అక్క ఇచ్చి పంపిన సామాన్ల డబ్బాల్లో అది కూడా ఉంది. బిల్జి అంతా గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పల్చగా పిండి చల్లి మళ్ళీ సముద్రంలోకి వెళ్ళి ఒరిగించి నడిపాం. గంటలో పిండి మీద వేలితో గీసినట్టు తడి గీత పడింది. ఆ గీత వెనుక వైపు గ్లాండ్ దగ్గరి నుంచి రాలేదు, కుడివైపు వంటగట్టు కింద నుంచి వచ్చింది. పడవ కుడికి ఒరిగినప్పుడు సింకు సముద్ర మట్టం కంటే కిందికి పోతోంది, బయటి నీళ్ళు డ్రైన్ పైపులోంచే ఎదురెక్కి సింకు నిండి, పొర్లి, చెక్కల సందుల్లోంచి అడుగుకి చేరుతున్నాయి. పరిష్కారం ఖర్చు లేనిది: ఒరిగి నడుస్తున్నంతసేపూ సింకు కింది వాల్వు మూసి ఉంచాలి, గిన్నెలు బకెట్లో కడిగి నీళ్ళు బయట పోసుకోవాలి. పడవ అడుగున రంధ్రం ఉన్న ప్రతి వాల్వునీ వారానికోసారి తిప్పండి, లేదంటే ఉప్పుకి బిగుసుకుపోతాయి. ఒక్కో వాల్వు పక్కన దాని సైజుకి సరిపోయే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి. పైపు ఊడిపోయిన రోజు ఆ బిరడాని వెతుక్కునే టైం ఉండదు. పని అయ్యాక పిండి మొత్తం తుడిచేయండి, పంపు జాలీలో గడ్డకడుతుంది.

ఇంజిన్ పాయలో బాగానే నడుస్తుంది, అలల్లోకి వెళ్ళగానే ఆగిపోతుంది

స్పీడు దానంతటదే తగ్గి, మళ్ళీ పుంజుకుని, రెండు మూడు సార్లు అలా ఊగిసలాడి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే మళ్ళీ కాసేపు నడుస్తుంది. ఇది ఇంజిన్ జబ్బు కాదు, డీజిల్ అందక అల్లాడుతోంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపల గోడలకి రాత్రి చెమ్మ పడుతుంది, ఆ నీళ్ళు బరువుకి అడుగున చేరతాయి, నీళ్ళకీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. పడవ కదలనప్పుడు ఆ మడ్డి అడుగునే ఉంటుంది. అలల్లో కుదుపుకి పైకి లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

డీజిల్‌లోంచి నీళ్ళు వేరుచేసే వాటర్ సెపరేటర్ కింది గాజు గిన్నె చూడండి. నీళ్ళు అడుగున వేరే పొరలా కనపడతాయి. మాది చూస్తే గిన్నె సగం దాకా టీ డికాక్షన్ రంగు నీళ్ళు, వాటి మీద నల్లటి పేలికల్లాంటివి తేలుతున్నాయి. ఫిల్టర్ మార్చడంతో ఆపొద్దు, కొత్తది కూడా రెండు గంటల్లో మూసుకుపోతుంది. ట్యాంకు మూత తీసి, అడుగు దాకా పైపు దింపి చేతి పంపుతో మడ్డి లాగేయాలి, లోపల చెయ్యి పట్టినంతవరకు నూలు పోగులు రాలని గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి, చెమ్మ పట్టే ఖాళీ ఉండదు. క్యాన్లలో తెచ్చే డీజిల్ వడకట్టే పోయాలి. విడి ఫిల్టర్లు కనీసం ఆరు.

ఫిల్టర్ మార్చాక పైపుల్లో చేరిన గాలి తీయడం చాలామందికి టెన్షన్. ఫిల్టర్ మీది స్క్రూ కొంచెం వదులు చేసి, చేతి లివర్‌తో పంపు కొడుతూ, బుడగలు ఆగి శుభ్రంగా డీజిల్ వచ్చేదాకా ఉండి బిగించాలి. అంతే. కానీ ఇది పాయలో, రాత్రిపూట, తలకి టార్చి కట్టుకుని ఇద్దరూ చెరోసారి చేసి చూడండి. ఏ స్క్రూకి ఏ స్పానర్ పడుతుందో ఆ స్క్రూ పక్కనే పెయింట్‌తో రాయండి.

సైలెన్సర్ పైపులోంచి నీళ్ళు రావట్లేదు

ఇంజిన్‌ని చల్లబరిచిన సముద్రపు నీళ్ళు ఆ పైపులోంచే బయటికి రావాలి, రాకపోతే వెంటనే ఇంజిన్ ఆపండి. ముందు సముద్రపు నీళ్ళు లాక్కునే జాలీ చూడండి, మన తీరంలో ప్లాస్టిక్ కవరో, జెల్లీ చేపో అడ్డుపడి ఉంటుంది. అక్కడ లేకపోతే పంపు మూత విప్పి నీళ్ళు తోసే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. రెక్క విరిగితే ఆ ముక్క ఎక్కడో లోపల పైపులో కూర్చుని ఉంటుంది, అది దొరికేదాకా వెతకాలి. కొత్త ఇంపెల్లర్ వేసి ముక్కని వదిలేస్తే వారం తిరక్కుండా మళ్ళీ వేడెక్కుతుంది.

తెల్లారేసరికి లైట్లు మసకబారుతున్నాయి

బ్యాటరీ పోయిందని కొత్తది కొనే ముందు మీటరు పెట్టండి. మామూలు లెడ్ బ్యాటరీ కొన్ని గంటలు తీరిగ్గా ఉన్నాక 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం, 12 కిందికి పోతే రోజురోజుకీ దాని ఆయుష్షు తగ్గుతోంది. బ్యాటరీ దగ్గర 12.6 ఉండి లైటు దగ్గర 11.5 ఉంటే తప్పు మధ్యలో ఉన్న వైరుది. ఉప్పుగాలికి రాగి తీగ ఇన్సులేషన్ లోపల్లోపలే పచ్చగా చిలుం పడుతుంది, పైకి కనపడదు. లోడు వేసి ఒక్కో జాయింటూ వేళ్ళతో తడుముతూ పోండి, వెచ్చగా తగిలిన చోట కోసి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కత్తిరించి, కొత్త లగ్గు (తీగ కొసకి వేసే లోహపు ముక్క) నొక్కి వాజలైన్ రాయండి.

లెక్క కూడా వేసుకోవాలి. ఆటోపైలట్, జీపీఎస్, నావిగేషన్ లైట్లు కలిపి సగటున 3 ఆంపియర్లు తింటే రోజుకి 72 ఆంపియర్ అవర్లు. 200 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకి సుమారు 60 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. తెరచాప నీడ పడితే అది కూడా రాదు, ప్యానెల్లో ఒక మూల నీడ పడినా కరెంటు చాలా పడిపోతుంది. కాబట్టి రోజుకో గంట ఇంజిన్ నడపాలి, దానికి డీజిల్ లెక్కలో ఉండాలి.

తాగునీళ్ళు వాసన వస్తున్నాయి

తీరం ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్ప, అందుకని అందరం ఆర్వో నీళ్ళ మీదే బతుకుతాం. ఆర్వో నీళ్ళలో క్లోరిన్ ఉండదు, ట్యాంకులో నిలవ ఉంటే తొందరగా పాచి వాసన వస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి లోపల రుద్దండి. ఆ తర్వాత 200 లీటర్ల నీళ్ళకి 5 శాతం ద్రవ బ్లీచ్ 200 మిల్లీలీటర్లు కలిపి, కొళాయి తిప్పి పైపుల్లోకి కూడా రానిచ్చి, నాలుగు గంటలు ఉంచి పారబోసి రెండు మూడుసార్లు కడగండి. వాసన ట్యాంకులోనే కాకుండా పైపులో కూడా పట్టి ఉంటుంది, అది మరిచిపోయే చాలామంది మళ్ళీ మొదటికొస్తారు. మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున ఇద్దరికి ఏడు రోజులకి 56 లీటర్లు, మేము రెండింతలు తీసుకెళ్తున్నాం. అందులో సగం విడి క్యాన్లలోనే. ట్యాంకు కారిపోయినా, ఉప్పునీళ్ళు కలిసినా ఆ క్యాన్లతో ప్రాణం నిలుస్తుంది.

గ్యాసు వాసన

ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు, బిల్జి పంపు కూడా. వంటగ్యాసు గాలికంటే బరువు, ఇంట్లోలాగా కిటికీ తెరిస్తే పోదు, కిందికి దిగి బిల్జిలో కూర్చుంటుంది. ముక్కుకి వాసన తగలకపోయినా అడుగున నిండి ఉండొచ్చు. సిలిండర్ దగ్గర వాల్వు మూసేసి, అన్ని మూతలూ తెరిచి, బకెట్లతో నీళ్ళు తోడినట్టు అడుగు గాలిని బయటికి తోడండి. వింతగా అనిపిస్తుంది కానీ పనిచేస్తుంది. తర్వాత జాయింట్లకి సబ్బు నురగ పూసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడండి. సిలిండర్ క్యాబిన్ లోపల పెట్టుకోవద్దు, బయట అరలోనే ఉండాలి, ఆ అర అడుగున సముద్రంలోకి పోయే రంధ్రం ఉండాలి. వంట అయిన ప్రతిసారీ సిలిండర్ దగ్గరే కట్టేయాలి. ఈ ఒక్క విషయంలో బావా నేనూ ఒకరినొకరు రోజూ అడుగుతాం, "కట్టావా?" అని.

బియ్యంలో ముక్కపురుగులు, చెక్కల్లో బొద్దింకలు

బొద్దింక గుడ్లు వచ్చేది అట్టపెట్టెల మడతల్లో. అట్ట అనేది ఏదీ పడవెక్కకూడదు, సామాన్లు ఒడ్డునే విప్పి డబ్బాల్లోకి మార్చుకోండి. బియ్యాన్ని ఎండబెట్టి, చల్లారాక, గాలి చొరని డబ్బాలో ఎండుమిరపకాయలతో పోయండి. గూడూరు నిమ్మకాయలు ఒక్కోటి విడిగా కాగితంలో చుడితే ఒకటి కుళ్ళినా పక్కదానికి అంటదు. మొదటి రెండు రోజులకి అక్క చేపల పులుసు వండిస్తానంది, చింతపండు పులుపుకి అది నిలుస్తుంది. ఆ రెండు రోజులే కడుపులో తిప్పుతుంది కాబట్టి వండే ఓపిక ఎవరికీ ఉండదు.

తెరచాప కుట్లు, తాళ్ళు

కుట్టు దారాన్ని గోటితో గీరండి. తెగితే ఎండకి కుళ్ళింది, గుడ్డ బాగున్నా ఆ కుట్టు గాలికి ఆగదు. తాడు ఎప్పుడూ ఒకే చోట కప్పీ మీద ఒరుసుకుంటూ ఉంటే వారంలో సగం అరుగుతుంది, రోజుకోసారి అరచెయ్యి పొడుగు వదులు చేయండి.

బారోమీటర్ రోజూ పడిపోతోంది

గాలి ఒత్తిడి పొద్దున పదికి ఎక్కువ, సాయంత్రం నాలుగుకి తక్కువ చూపిస్తే భయపడొద్దు. మన అక్షాంశాల్లో రోజుకి రెండుసార్లు అది దానంతటదే మూడు మిల్లీబార్ల దాకా లేచి పడుతుంది. నిన్న ఇదే గంటకి ఎంత ఉందో దానితో పోల్చండి. ఆ గంటకి మామూలుగా ఉండేదానికంటే 3 తక్కువైతే అనుమానించాలి, 5 తక్కువైతే వాయుగుండం దగ్గర్లో ఉందనే లెక్క. బయలుదేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ అలల అంచనా రెండూ చూడండి.

రాత్రిపూట పడవ పంకాకి (ప్రొపెల్లర్‌కి) వల చుట్టుకుంది

మొగ దాటిన మొదటి ముప్పై నలభై మైళ్ళలో వేట బోట్లు, వలలు ఎక్కువ, చాలా ఫైబర్ బోట్లకి లైటు ఉండదు. అందుకే తెల్లారగట్ట బయలుదేరితే చీకటి పడేలోపు అరవై మైళ్ళు దాటిపోతాం. ఇంజిన్ ఒక్కసారిగా బరువెక్కినట్టు మూలిగితే వెంటనే న్యూట్రల్ చేసి ఆపండి, వెనక్కి తిప్పి విడిపిద్దామనుకుంటే ఇంకా బిగుస్తుంది. చీకట్లో నీళ్ళలోకి దిగొద్దు. తెరచాప మీద నెమ్మదిగా నడిపి, వెలుగొచ్చాక నడుముకి తాడు కట్టుకుని రంపపు పళ్ళున్న కత్తితో దిగండి. చుక్కాని కూడా పట్టేసి పడవ చెయ్యి దాటిపోతుంటే వీహెచ్ఎఫ్ రేడియో ఛానల్ 16 మీద పిలవండి, ఫోను అందితే కోస్ట్ గార్డ్ 1554. దగ్గర్లో బోటు కనపడితే కోసే ముందు "అన్నా, వల పట్టుకుంది" అని కేకేయండి. ఆ వల వాళ్ళ పెట్టుబడి, దాన్ని ఎటు లాగితే ఊడుతుందో వాళ్ళకే బాగా తెలుసు. తప్పక కోయాల్సి వస్తే ఎంత నష్టమో అడిగి అక్కడికక్కడే ఇచ్చేయండి, మేము దానికోసం కొంత నగదు ప్లాస్టిక్ డబ్బాలో విడిగా పెట్టుకున్నాం.