హైదరాబాద్ నుంచి ఐస్ హాకీ: చక్రాల మీద నేర్చుకుని మంచు మీద ఆడాలంటే

ఐస్ హాకీకి కావాల్సిన రింక్ 60 మీటర్ల పొడవు, 26 నుంచి 30 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత పెద్దది హైదరాబాద్‌లో లేదు. మాల్స్‌లో, స్నో పార్కుల్లో కనిపించే చిన్న మంచు గచ్చు మీద సరదాగా జారొచ్చు గానీ పాస్ ఇవ్వడం నేర్చుకోలేం. అందుకే ఇక్కడి ఆటగాళ్లకు ఏడాదిలో ఎక్కువ భాగం ఇన్‌లైన్ చక్రాల మీదే (అన్నీ ఒకే వరసలో ఉండే స్కేట్లు) గడిచిపోతుంది. మంచు దొరికేది కొన్ని వారాలే. ఆ వారాలు దండగ కాకూడదంటే సగం పని ఇంటి దగ్గరే అయిపోవాలి.

ముందు చక్రాల సంగతి

నగరంలో చాలామంది పిల్లలు క్వాడ్ స్కేట్లతో, అంటే ముందు రెండు వెనక రెండు చక్రాలున్న వాటితో, మొదలుపెడతారు. తప్పేం లేదు. 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చిన మన అనూప్ కుమార్ యామా ఆడింది రోలర్ స్కేటింగే. కానీ గురి ఐస్ హాకీ అయితే, పడకుండా నిలబడటం వచ్చిన వెంటనే ఇన్‌లైన్‌కు మారిపోవాలి. క్వాడ్ మీద పాదం పక్కకు వాలదు, ఇన్‌లైన్ మీద వాలుతుంది. బ్లేడు లోపలి అంచు, బయటి అంచు వాడటానికి పునాది ఆ వాలడమే.

కొనేటప్పుడు స్పీడ్ స్కేట్లకు పోవద్దు. మడమ దగ్గర పొట్టిగా, పెద్ద చక్రాలతో ఉండే ఆ బూటు హాకీకి పనికిరాదు. హాకీ బూటు చీలమండను పూర్తిగా పట్టుకుంటుంది, చక్రాలు 72 నుంచి 80 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. సైజు మామూలు బూటు కన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువ వస్తుంది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. ఎదిగే పిల్లలని రెండు సైజులు పెద్దవి కొనేస్తుంటారు. మడమ లోపల లేస్తూ ఉంటే అంచు వాడటం ఎప్పటికీ రాదు, పైగా చీలమండ దగ్గర బొబ్బలు. ఎదుగుదల కోసం ఒక వేలు పట్టేంత చోటు చాలు.

సిమెంటు రింక్ మీద ఆడితే చక్రాల గట్టిదనం 82ఏ నుంచి 85ఏ దాకా ఉండాలి. లోపల, నున్నటి నేల మీదైతే 74ఏ నుంచి 78ఏ. మెత్తటి చక్రాన్ని సిమెంటు మీద వాడితే కొద్ది వారాల్లో లోపలి వైపు అరిగి వాలిపోతుంది. అరుగుదల కనిపించగానే చక్రాలు తిప్పాలి. నాలుగూ ఒకే సైజైతే ఒకటోది మూడులోకి, రెండోది నాలుగులోకి మార్చి, అరిగిన వైపు బయటికి వచ్చేలా బిగించాలి. ముందువి చిన్నవి, వెనకవి పెద్దవి అయితే ఆ మార్పిడి కుదరదు. అప్పుడు ఒకటి-రెండు, మూడు-నాలుగు మార్చుకోవాలి. బేరింగ్ నంబరు 608. చక్రానికి రెండు చొప్పున జతకు పదహారు పడతాయి. స్కేట్ల దుకాణంలో దొరక్కపోతే రాణిగంజ్‌లో అడగండి. వర్షంలో తడిస్తే ఆ రోజే విప్పి తుడిచి, ఒక్కో బేరింగ్‌లో రెండు చుక్కల నూనె వేయాలి. డబ్ల్యూడీ 40 కొట్టి వదిలేస్తే ఉన్న గ్రీజు కూడా పోయి నాలుగు రోజుల్లో గరగరలాడుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా బయటి రింక్‌లు తడిగా ఉంటాయి కదా, ఆ రోజులకు స్లైడ్ బోర్డు చేసుకోండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న నున్నటి లామినేట్ పలక, రెండు చివరలా గట్టి చెక్క అడ్డు, పాదాలకు సాక్సు. 30 సెకన్లు పక్కకు తోసుకుంటూ జారాలి, నిమిషం ఆగాలి, అలా ఎనిమిది సార్లు. మంచు మీద కావాల్సిన పక్క తోపుకు ఇంతకన్నా చవకైన సాధన లేదు.

స్టిక్, పక్

చెప్పుల్లేకుండా నిలబడితే స్టిక్ కొస ముక్కు దగ్గరికి, స్కేట్లతో అయితే గడ్డం దగ్గరికి రావాలి. స్టిక్ మీద ఫ్లెక్స్ అని, అది ఎంత బిగువో చెప్పే ఒక నంబరు ఉంటుంది. పౌండ్లలో మన బరువులో సగం అన్నది లెక్క, అంటే కిలోల్లో బరువెంతో ఇంచుమించు అంతే, కాస్త ఎక్కువ. 40 కిలోల పిల్లకు 40-45. పెద్దవాళ్ల స్టిక్ పైనుంచి కోసి పిల్లలకు ఇవ్వకండి. కోసిన కొద్దీ బిగుసుకుపోతుంది, వంగని స్టిక్‌తో షాట్ లేవదు.

మంచు మీద వాడే పక్ 156 నుంచి 170 గ్రాముల రబ్బరు బిళ్ల. సిమెంటు మీద అది పట్టేసి పల్టీలు కొడుతుంది, అందుకే అక్కడ తేలికైన ఇన్‌లైన్ పక్ లేదా బంతి వాడతారు. తేలికదానికే చెయ్యి అలవాటైతే మంచు మీద మొదటి రోజు పాస్‌లన్నీ సగం దూరంలో ఆగిపోతాయి. ఇంట్లో ఒక నున్నటి యాక్రిలిక్ పలక మీద అసలు బరువున్న పక్‌తో రోజూ పావుగంట, తల పైకెత్తి, సాధన చేయించండి. తల పైకెత్తడమే ముఖ్యం.

ఇన్‌లైన్‌లో గోలీ (గోల్ కీపర్) కాక నలుగురు, ఐస్ హాకీలో ఐదుగురు. ఇక్కడి పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆఫ్‌సైడ్. ప్రత్యర్థి వైపున్న నీలి గీతను పక్ దాటకముందే దాడికి వెళ్లే ఆటగాడి రెండు స్కేట్లూ దాటేస్తే ఆఫ్‌సైడ్. సుద్దముక్కతో రింక్ మీద ఆ గీత గీసి, దాని దగ్గర ఒక కాలు వెనక ఉంచి ఆగడం ఇక్కడే అలవాటు చేయాలి.

బ్లేడు మీద మొదటి గంటలు

బాగా వచ్చిన ఇన్‌లైన్ ఆటగాడు కూడా మంచు ఎక్కగానే మూడు చోట్ల పడతాడు. మొదటిది వెనక్కి. చక్రాల వరస దాదాపు సమంగా నేలకు ఆనుతుంది, హాకీ బ్లేడు మాత్రం ముందూ వెనకా కాస్త పైకి వంపు తిరిగి ఉంటుంది, మంచును తాకేది మధ్య భాగమే. బరువు మడమల మీద వేసే అలవాటుంటే వెల్లకిలా పడటమే. మోకాళ్లు బూటు కొసల మీదకు వచ్చేలా వంచి, బరువు పాదం మధ్యలో ఉంచాలి.

రెండోది తోపు. చక్రాల మీద కాలు కాస్త వెనక్కి తోసినా బండి నడుస్తుంది. మంచు మీద వెనక్కి తోస్తే బ్లేడు ముందు కొస జారి కాలు ఊడిపోయినట్టవుతుంది. లోపలి అంచుతో పక్కకే తోయాలి. పైన చెప్పిన స్లైడ్ బోర్డు ఇందుకే.

మూడోది, అసలు సమస్య, ఆగడం. ఇన్‌లైన్ మీద పెద్ద మలుపు తిప్పో, ఒక కాలు వెనక ఈడ్చో ఆగుతారు. మంచు మీద రెండు బ్లేడులూ అడ్డం తిప్పి గీకి ఆగాలి. వేగంలో ఒక్కసారిగా తిప్పితే అంచు దిగబడి మనిషి బోర్లా పడతాడు. అందుకే మొదటి అరగంట ముందుకు పోవడమే వద్దు. రింక్ చుట్టూ ఉండే గోడను, అంటే బోర్డును, పట్టుకుని నిలబడి, ఒక పాదాన్ని పక్కకు తోస్తూ మంచును గీకించండి. కొబ్బరి తురుములాంటి పొడి కుప్పగా రావాలి. పొడి రాకుండా గీత మాత్రమే పడితే బ్లేడు మరీ వాలుగా ఉందని అర్థం, ఇంకాస్త నిలువుగా పట్టాలి. అది రెండు కాళ్లతోనూ వచ్చాక నెమ్మదిగా జారుతూ, ముందు మోకాళ్లు కొద్దిగా లేపి బరువు తేలిక చేసి, నడుము 90 డిగ్రీలు తిప్పి, మళ్లీ కిందికి నొక్కాలి. భుజాలు వెళ్తున్న దిక్కుకే ఉండాలి. అందరికీ ఒక వైపు త్వరగా వస్తుంది. రాని వైపు రెట్టింపు చేయించకపోతే మ్యాచ్‌లో ప్రత్యర్థి రెండో షిఫ్ట్‌కే కనిపెట్టేస్తాడు (షిఫ్ట్ అంటే ఆటగాడు మంచు మీద ఉండే ఒక విడత).

ఇన్‌లైన్‌లో శరీరంతో ఢీకొట్టడం నిషిద్ధం. పురుషుల ఐస్ హాకీలో అది ఆటలో భాగం, అంతర్జాతీయ మహిళల నియమాల్లో పెనాల్టీ. బోర్డుకు మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఢీ తినడం అన్నిటికన్నా ప్రమాదం, తల నేరుగా బోర్డుకు తగులుతుంది. ఢీ తప్పదనుకుంటే బోర్డుకు అతుక్కుపోవాలి, మోకాళ్లు వంచి, తల ఎత్తి. పూర్తి జాలీ ఉన్న హెల్మెట్ లేకుండా ఎవర్నీ దించకండి.

ధార

బ్లేడు అడుగున కత్తిలా ఒకే అంచు ఉండదు. మధ్యలో సన్నటి గాడి, రెండు వైపులా రెండు అంచులు ఉంటాయి. ఆ గాడి ఎంత లోతన్నది వ్యాసార్ధంతో చెబుతారు. చాలామంది వాడేది అరంగుళం. చక్రాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు (5/8) నయం. వ్యాసార్ధం పెరిగితే గాడి లోతు తగ్గి, ఆగేటప్పుడు బ్లేడు దిగబడదు. లడఖ్ మంచు మరీ గట్టిగా ఉండి, పిల్లాడు తేలికైతే అదే జారుతుంది, అప్పుడు అరంగుళానికి రావాలి.

వీధిలో కత్తులు సానబెట్టేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. గాడి పోయి అడుగు చదునైపోతుంది, దాన్ని బాగుచేయడానికి మళ్లీ బోలెడు ఉక్కు తినేయాలి. స్కేట్ల యంత్రం ఉన్న చోటే పెట్టించి, అక్కడే చూసుకోవాలి. బ్లేడు పైకి పెట్టి, రెండు అంచుల మీద అడ్డంగా ఒక రూపాయి బిళ్ల ఆనించండి. బిళ్ల ఒక వైపుకు వాలితే ఒక అంచు ఎత్తుగా ఉన్నట్టు, ఆ స్కేటు ఒక పక్కకే లాగుతుంది. తర్వాత బొటనవేలి గోరు అంచు మీద మెల్లగా అడ్డంగా గీకితే సన్నటి పొడి రాలాలి. ఇంటికొచ్చాక తుడిచి, ప్లాస్టిక్ కవచం తీసేసి, గుడ్డ తొడుగు వేసి పెట్టాలి. ప్లాస్టిక్ లోపల చెమ్మ నిలిచి, మన వానాకాలంలో తుప్పు తప్పదు.

మంచు ఎక్కడ

డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింక్ 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టింది. ఏళ్ల తరబడి మూతపడి 2025లో మళ్లీ తెరుచుకుంది. టికెట్లు తీసుకునేముందు ఆ వారాల్లో హాకీకి సమయం ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. సిమ్లా, లేహ్‌లలో శీతాకాలం ఆటే ఎక్కువ. ఖేలో ఇండియా శీతాకాల క్రీడల ఐస్ హాకీ జరిగేది లేహ్‌లోనే.

లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. విమానంలో దిగిన పిల్లాడు మొదటి 48 గంటలు స్కేట్లు ముట్టకూడదు. నడక, నీళ్లు, నిద్ర, అంతే. ఎత్తుకు వేసుకునే మాత్రలు హైదరాబాద్‌లోనే డాక్టర్ని అడిగి తీసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే ఆట సంగతి వదిలేసి ఆసుపత్రికి వెళ్లాలి. మామూలుగా 45 సెకన్లుండే షిఫ్ట్ అక్కడ 30కి తగ్గించండి.

చలికి భయపడి స్కేట్లలో రెండు ఉన్ని సాక్సులు తొడుగుతారు. బూటు బిగిసి రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. ఒక్క పల్చటి జత చాలు. రాత్రి స్కేట్లు గదిలోనే పెట్టాలి, కానీ బుఖారీ (గదిని వెచ్చబరిచే పొయ్యి) పక్కన కాదు. వేడికి బూటు ఆకారం మారుతుంది, జిగురు వదులుతుంది. చెరువు మంచు పొద్దున గట్టిగా ఉండి, ఎండెక్కితే మెత్తబడుతుంది. పదునైన మలుపులు పొద్దున్నే సాధన చేయించాలి.

జెర్సీ దాకా, ఉద్యోగం దాకా

భారత్ 1989లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. పురుషుల జట్టు 2009లో అబుదాబిలో, మహిళల జట్టు 2016లో తైపీలో తొలిసారి ఆసియా టోర్నీలు ఆడాయి. 2025లో అల్ ఐన్‌లో మహిళలు ఆసియా కప్ కాంస్యం గెలిచారు. ఈ జట్లలో దాదాపు అందరూ లడఖ్‌వాళ్లే, నడక వచ్చిన కొన్నాళ్లకే గడ్డకట్టిన చెరువు ఎక్కినవాళ్లు. హైదరాబాద్ పిల్లాడు ఏటా కొన్ని వారాల మంచుతో వాళ్లను దాటడం చాలా కష్టం, ఈ మాట తల్లిదండ్రులకు మొదటే చెప్పాలి. ఇన్‌లైన్ జాతీయ పోటీలు, ఐస్ హాకీ రాష్ట్ర జట్టు, ఈ రెండూ అందేవే. వేగం ఉండి స్టిక్ మీద మోజు లేని పిల్లలకు షార్ట్ ట్రాక్ (చిన్న మంచు ట్రాక్ మీద స్కేటింగ్ వేగం పోటీ) మేలు. తెలంగాణ తరఫున తల్లూరి నయనశ్రీ ఖేలో ఇండియాలో స్వర్ణం తెచ్చింది అందులోనే.

ఐస్ హాకీ, రోలర్ స్కేటింగ్ రెండూ కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఆటల జాబితాలో ఉన్నాయి. సైన్యానికీ ఐటీబీపీకీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) సొంత ఐస్ హాకీ జట్లున్నాయి. కోటాకు పనికొచ్చేది పతకం ఫొటో కాదు, నిర్ణీత ఫారం. దేశం తరఫున ఆడితే ఫారం 1, దాని మీద జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలు ఆడితే ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం. విశ్వవిద్యాలయం తరఫున ఫారం 3, పాఠశాలల జాతీయ క్రీడలకు ఫారం 4.

దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, క్రీడా సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం మాత్రమే. మొదటి ఎంట్రీ ఫారం నుంచే మెమోలో ఉన్నట్టు రాయించండి, పుట్టిన తేదీ కూడా. ఇంకో చిక్కు, డబ్బు కడితే చాలు విదేశంలో అంతర్జాతీయ టోర్నీ ఆడిస్తామని తిరిగే సంస్థలు. ఆ సంస్థకు ఆ ఏడాది క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉందో లేదో మంత్రిత్వ శాఖ జాబితాలో చూడకుండా పైసా కట్టొద్దు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) క్రీడా కోటాకూ, రాష్ట్ర ఉద్యోగాలకూ ఆటల జాబితాలు వేరు, ప్రతి నోటిఫికేషన్‌లో విడిగా చూసుకోవాలి.

ప్రతి టోర్నీ నుంచి సంతకాలున్న జట్టు జాబితా, స్కోర్ షీట్ నకలు, ఎంపిక లేఖ తెచ్చుకుని ఒకే ఫైల్‌లో పెట్టండి, స్కాన్ చేసి ఫోన్‌లోనూ ఉంచండి. ఫారం 2 మీద సంతకం ఉద్యోగ ప్రకటన వచ్చాక అడుగుదామని ఆగకూడదు. ఈలోగా కార్యదర్శి మారితే కొత్తాయన పాత రికార్డు కావాలంటాడు, ఆ రికార్డు చాలాసార్లు పాతాయన ఇంట్లో ఉంటుంది. టోర్నీ ముగిసిన నెలలోపే చేయించేయండి.