వారం వారం పాటల చార్టును గమనించడం ఎలా?

నంబర్ వన్ పాట ఏదో తెలుసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ పాట అక్కడికి ఎలా ఎక్కింది, మరుసటి వారం ఎందుకు జారిపోయింది అన్నది పట్టుకోవాలంటే మాత్రం చార్టు వెనకున్న లెక్క తెలియాలి. చార్టంటే ఆ వారం జనం ఎక్కువగా కొన్న, విన్న పాటల వరుస జాబితా. అది తెలియని రోజుల్లో నేనొక స్నేహితుడితో గంటసేపు వాదించాను. బ్రిటన్ చార్టులో ఒక పాట ఎనిమిదో స్థానం నుంచి ఒక్కసారిగా ఇరవై ఏడుకు పడింది కాబట్టి, జనానికి దాని మీద మొహం మొత్తిందని నా వాదన. తీరా చూస్తే ఆ వారం దాన్ని విన్నవాళ్లు పెద్దగా తగ్గనే లేదు. మారింది తూకంరాయి. దాని సంగతి కాస్త కిందికి వచ్చాక చెబుతాను.

ముందు ఒక చార్టును ఎంచుకోండి

రెండు మూడు చార్టులను ఒకేసారి చూస్తే తికమక తప్పదు. ఇంగ్లిష్ పాప్‌కు ప్రధానంగా రెండున్నాయి. అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100, ఇది 1958 ఆగస్టులో మొదలైంది. బ్రిటన్‌లో అఫీషియల్ సింగిల్స్ చార్టు, దీని మూలం 1952 నవంబరులో ఉంది. అప్పట్లో ఒక సంగీత పత్రికలో పనిచేసే పెర్సీ డికిన్స్ రికార్డుల షాపులకు ఫోన్లు చేసి, ఏది బాగా పోతోందో అడిగి రాసుకునేవారు. చార్టంటే అంతే.

ఇప్పుడు రెండూ అమ్మకాలతో పాటు స్ట్రీమ్‌లనూ, అంటే ఆన్‌లైన్‌లో పాటను విన్న ప్రతిసారినీ, లెక్కేస్తాయి. తేడా రేడియో దగ్గరుంది. పాట రేడియోలో ఎంతమందికి చేరిందన్నది అమెరికా లెక్కలో కలుస్తుంది, బ్రిటన్ లెక్కలో కలవదు. రేడియో స్టేషన్లు ఒక పాటను పట్టుకోవడానికీ, వదలడానికీ వారాలు తీసుకుంటాయి కాబట్టి అమెరికా చార్టు కాస్త బరువుగా కదులుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు బ్రిటన్ చార్టే నయమని నా అభిప్రాయం. అందులో లెక్కలో కలిసేవి తక్కువ.

స్ట్రీమింగ్ యాప్‌లు ఇచ్చే రోజువారీ జాబితాలను దీనితో కలపకండి. అవి ఆ యాప్ వాడేవాళ్ల లెక్క మాత్రమే. రాబోయేదాన్ని ఊహించడానికి మాత్రం బాగా పనికొస్తాయి.

తేదీలు సరిచూసుకోండి

2015 జులై నుంచి కొత్త పాటలు ఎక్కువగా శుక్రవారమే విడుదలవుతున్నాయి. చార్టు వారం కూడా శుక్రవారం నుంచి గురువారం వరకు. బ్రిటన్ చార్టు ఆ మర్నాడు, అంటే శుక్రవారం సాయంత్రం బీబీసీ రేడియో 1లో వచ్చేస్తుంది. అమెరికాలో టాప్ 10ను మామూలుగా సోమవారం ప్రకటిస్తారు. కానీ చార్టు మీద వేసే తేదీ ఆ పై శనివారానిది. 2024 ఏప్రిల్ 19న టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ వస్తే, దాని మొదటి వారం లెక్క కనిపించింది మే 4 తేదీ వేసిన చార్టులో. ఈ చిన్న సంగతి తెలియకపోతే పాట విడుదలైన రెండు వారాలకు చార్టులోకి వచ్చిందని పొరబడతాం.

ఒక్కో వరుసను నాలుగు అంకెలతో చదవండి

ప్రతి పాట పక్కన ఈ వారం స్థానం, పోయిన వారం స్థానం, ఇంతవరకు ఎక్కిన అత్యున్నత స్థానం, చార్టులో గడిపిన వారాలు ఉంటాయి. చాలామంది మొదటి అంకె చూసి వదిలేస్తారు. అసలు కథ మిగతా మూడింట్లో ఉంది.

మూడు పాటలు మూడు వేర్వేరు వారాల్లో 14వ స్థానంలో ఉన్నాయనుకుందాం. మొదటిది 14, 19, 14, 7. ఏడు వారాలుగా మెట్టు మెట్టుగా ఎక్కుతోంది, కొత్తవాళ్లు దాన్ని కనుక్కుంటున్నారు. రెండోది 14, 2, 2, 2. మొదటి వారమే అభిమానులు ఎగబడి విన్నారు, బయటివాళ్లు ఇంకా కలవలేదు. మూడోది 14, 13, 1, 41. ఇది ఎవరి ప్లేలిస్టులోనో స్థిరపడిపోయింది, దీన్ని ఎవరూ ప్రత్యేకంగా వెతకడం లేదు, తీసేయడమూ లేదు.

ఆ మూడో రకం స్ట్రీమింగ్ తెచ్చిందే. రికార్డు కొనే రోజుల్లో కొన్నప్పుడు ఒక్కసారే లెక్క. ఆ తర్వాత దాన్ని ఐదొందల సార్లు విన్నా, అటక మీద పడేసినా చార్టుకు తెలియదు. ఇప్పుడు విన్న ప్రతిసారీ లెక్కే. అందుకే పాటలు నెలల తరబడి కదలవు. గ్లాస్ ఆనిమల్స్ బృందం పాట ‘హీట్ వేవ్స్’ అమెరికాలో నంబర్ వన్ కావడానికి 59 వారాలు పట్టింది. అది 2022 మార్చి సంగతి.

తూకంరాయిని కనిపెట్టుకుని ఉండండి

బ్రిటన్‌లో డబ్బు కట్టి వినేవాళ్ల 100 స్ట్రీమ్‌లు ఒక అమ్మకంతో సమానం. ప్రకటనల మధ్య ఉచితంగా వింటే 600 కావాలి. పాట కొన్నాళ్లు చార్టులో ఉండి, వరసగా మూడు వారాలు తగ్గుముఖం పడితే ఈ రేటు రెట్టింపవుతుంది: 200, 1,200. ఒక పాటను డబ్బు కట్టినవాళ్లు వారంలో 10 లక్షల సార్లు విన్నారనుకోండి. మామూలు రేటులో అది 10,000 అమ్మకాలు. రేటు మారితే 5,000. వినేవాళ్లు అంతే, పాట మాత్రం ఇరవై స్థానాలు కిందికి. నేను వాదనలో బోల్తాపడింది ఇక్కడే.

2022లో కేట్ బుష్ 1985 నాటి పాట ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ ఒక టీవీ సిరీస్ పుణ్యమా అని మళ్లీ ఊపందుకుంది. పాత పాట కాబట్టి దానికి రెట్టింపు రేటే నడిచింది. చార్టువాళ్లు మినహాయింపు ఇచ్చి మామూలు రేటుకు మార్చాక నంబర్ వన్ అయింది. అంటే నియమం కూడా పాటతో పాటు చార్టులో ఆడుతూనే ఉంటుంది.

ఇంకో నియమం ఎడ్ షీరన్ వల్ల వచ్చింది. 2017 మార్చిలో ఆయన కొత్త ఆల్బమ్ పాటలు టాప్ 20లో 16 స్థానాలు ఆక్రమించాయి. ఆ ఏడాదే బ్రిటన్ చార్టు ఒక ప్రధాన గాయకుడికి ఒక వారంలో మూడు పాటలే అని గీత గీసింది. అమెరికాలో ఆ గీత లేదు. అందుకే పైన చెప్పిన 2024 మే చార్టులో టేలర్ స్విఫ్ట్ మొదటి 14 స్థానాలూ తీసేసుకోగలిగారు. అలాంటి వారం మిగతా పాటలు పడిపోయాయని బెంగ అక్కర్లేదు, పైనుంచి నెట్టేశారంతే.

హాట్ 100లో మరో సంగతి: 20 వారాలు దాటిన పాట 50వ స్థానం కిందికి జారితే జాబితాలోంచే తీసేస్తారు. పాట పాతబడే కొద్దీ ఆ గీత పైకి జరుగుతుంది.

డిసెంబరును వేరుగా చూడండి

ఆ నెలలో క్రిస్మస్ పాటలు గుంపుగా వచ్చి పడతాయి. మరయా కేరీ 1994లో పాడిన క్రిస్మస్ పాట అమెరికాలో మొదటిసారి నంబర్ వన్ అయింది 2019లో. పండగ అయ్యాక జనవరి మొదట్లో అవన్నీ ఒకేసారి దిగిపోతాయి. అప్పుడు కింద ఉన్న పాటలు ముప్పై నలభై స్థానాలు ఎగిరినట్టు కనిపిస్తాయి. అవి ఎగరలేదు, పైన కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఇక ఒక నోటుపుస్తకం

నంబర్ వన్‌ను వదిలేసి 20 నుంచి 60 మధ్యలో ఐదు పాటలు పట్టుకోండి. నాలుగు అంకెలూ వారం వారం రాయండి, పక్కన వచ్చే వారం ఎక్కడుంటుందో మీ ఊహ. పది వారాలు రాస్తే పాట నడక మీకే తెలిసిపోతుంది. ఊహ తప్పిన చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టండి, కారణం పాటలో ఉందా నియమంలో ఉందా వెతకండి. నా పుస్తకంలో ఎర్ర సున్నాలన్నీ దాదాపు జనవరి పేజీల్లోనే ఉన్నాయి.