సుడో లేని మెషీన్‌లో క్యూఎమ్యూ: వీఎంకు నెట్‌వర్క్ రాకపోతే ఎక్కడ చూడాలి

కాలేజీ ల్యాబ్ సర్వర్‌లోనో, ఆఫీసువాళ్లు ఇచ్చిన లినక్స్ మెషీన్‌లోనో చాలామందికి మామూలు యూజర్ అకౌంటే ఉంటుంది, సుడో (రూట్, అంటే అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే వీలు) ఉండదు. క్యూఎమ్యూ అనే ప్రోగ్రాంతో నడిపే వీఎం (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) బూట్ అవుతుంది, నెట్‌వర్క్ దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోతుంది. అడ్మిన్‌ను అడిగే ముందు ఇది చూడండి. వీఎం ఇంటర్నెట్‌లోకి వెళ్లడానికి గానీ, హోస్ట్ (వీఎం నడిచే అసలు మెషీన్) నుంచి మనం వీఎంలోకి వెళ్లడానికి గానీ, రెండు వీఎంలను కలపడానికి గానీ రూట్ అక్కర్లేదు.

“ఆపరేషన్ నాట్ పర్మిటెడ్” అని వచ్చి వీఎం మొదలే కాదు

ఎక్కడో దొరికిన కమాండ్‌ను ఉన్నదున్నట్టు వాడితే ఎక్కువగా వచ్చేది ఇదే. అందులో ట్యాప్ (హోస్ట్‌లో తయారయ్యే వర్చువల్ నెట్‌వర్క్ కార్డు) ఉంటుంది. ట్యాప్ కావాలంటే హోస్ట్ కెర్నెల్‌లో కొత్త ఇంటర్‌ఫేస్ తయారు చేయాలి, ఆ హక్కు మామూలు యూజర్‌కు ఉండదు. ట్యాప్ తీసేసి నెట్‌డెవ్ (వీఎం నెట్‌వర్క్‌కు ఎలా కలవాలో చెప్పే ఆప్షన్) రకాన్ని ‘యూజర్’గా మార్చండి. అప్పుడు వీఎం చేసే ప్రతి కనెక్షన్‌నూ క్యూఎమ్యూయే మీ అకౌంట్ కింద నడిచే మామూలు ప్రోగ్రాంలా తెరుస్తుంది. వీఎంకు 10.0.2.15, గేట్‌వేకు 10.0.2.2, డీఎన్‌ఎస్‌కు (పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్) 10.0.2.3 అడ్రస్‌లు వస్తాయి.

‘యూజర్’ బ్యాకెండ్ కంపైల్ కాలేదని ఎర్రర్ వస్తే మీది సొంతంగా బిల్డ్ చేసుకున్న క్యూఎమ్యూ అయి ఉంటుంది. 7.2 వెర్షన్ నుంచి, ఈ యూజర్ నెట్‌వర్క్‌ను నడిపే లైబ్రరీ లిబ్‌స్లర్ప్ అందులో కలిసి రావడం లేదు. దాన్ని మీ హోమ్ డైరెక్టరీలోనే బిల్డ్ చేసి, క్యూఎమ్యూను మళ్లీ కంపైల్ చేయండి.

పింగ్ పోవడం లేదు

నెట్ బాగానే ఉన్నా లేదనుకుని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. యూజర్ మోడ్ టీసీపీ, యూడీపీ కనెక్షన్లను మామూలుగా తెరవగలదు. పింగ్ వాడే ఐసీఎంపీకి మాత్రం హోస్ట్ కెర్నెల్ అనుమతి కావాలి. ఆ అనుమతి ఏ గ్రూపులకు ఉందో పింగ్ గ్రూప్ రేంజ్ అనే సెట్టింగ్ చెబుతుంది, దాన్ని మార్చాలంటే రూట్ ఉండాలి. 10.0.2.2కు పింగ్ చేస్తే జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ జవాబు ఇచ్చేది క్యూఎమ్యూ వాడే లిబ్‌స్లర్ప్. బయట ఉన్న 8.8.8.8కు (గూగుల్ డీఎన్‌ఎస్) చేస్తే రాకపోవచ్చు. కాబట్టి పింగ్‌ను పక్కనపెట్టి కర్ల్ అనే కమాండ్‌తో ఏదైనా వెబ్‌పేజీ తెరిచి చూడండి. వస్తే నెట్ ఉన్నట్టే.

కర్ల్ కూడా రాకపోతే, ముందు పేరు ఐపీగా మారుతోందో లేదో చూడండి. మారకపోతే, వీఎంలో ఎవరో చేత్తో డీఎన్‌ఎస్‌గా 8.8.8.8 పెట్టి ఉంటారు, క్యాంపస్ ఫైర్‌వాల్ దాన్ని ఆపుతుంది. డీహెచ్‌సీపీకి (అడ్రస్‌లు వాటంతటవే వచ్చే పద్ధతి) మార్చేస్తే 10.0.2.3 ద్వారా హోస్ట్ వాడే డీఎన్‌ఎస్‌కే వెళుతుంది. హోస్ట్‌లో 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే మెషీన్ తనను తానే పిలుచుకునే అడ్రస్) మీద ప్రాక్సీ నడుస్తుంటే, వీఎంలో ఆ అడ్రస్ బదులు 10.0.2.2 ఇవ్వండి, పోర్ట్ మాత్రం అదే.

హోస్ట్ నుంచి 10.0.2.15కు ఎస్‌ఎస్‌హెచ్ అవడం లేదు

ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ఇలా అవదు. ఆ అడ్రస్ క్యూఎమ్యూ ప్రాసెస్ లోపల తప్ప ఎక్కడా లేదు, హోస్ట్‌కు దాని సంగతే తెలియదు. పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాలి: హోస్ట్‌లో 127.0.0.1 మీద 2222కు వచ్చింది వీఎంలో 22కు వెళ్లేలా. తర్వాత లోకల్‌హోస్ట్ 2222కు ఎస్‌ఎస్‌హెచ్ చేయండి. 127.0.0.1 రాయకుండా వదిలేస్తే పోర్ట్ నెట్‌వర్క్ మొత్తానికి తెరుచుకుంటుంది. రాసినా, అదే సర్వర్‌లో లాగిన్ అయిన మిగతావాళ్లకు అందుతుంది, అందుకే వీఎంలో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టుకోండి.

ఫార్వర్డింగ్ రూల్ పెట్టలేకపోయానని క్యూఎమ్యూ ఆగిపోతే ఆ పోర్ట్ వేరేవాళ్లు వాడుతున్నారని అర్థం. అందరూ 2222యే పెడతారు, ఇంకేదైనా ఎంచుకోండి. అయితే 1024 కంటే చిన్నది మామూలుగా రూట్ లేకుండా దొరకదు.

కనెక్ట్ అయి వెంటనే తెగిపోతోందా? హోస్ట్ వైపు కనెక్షన్‌ను ముందు తీసుకునేది క్యూఎమ్యూ. లోపల వినేవాళ్లు లేకపోతే అది మూసేస్తుంది. కాబట్టి తప్పు వీఎంలోనే ఉంది: సర్వర్ మొదలవలేదు, లేదా వీఎంలోని 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. 0.0.0.0 మీద, అంటే వీఎంకున్న అన్ని అడ్రస్‌ల మీదా వినేలా మార్చండి.

రెండు వీఎంలు ఒకదానికొకటి కనిపించవు

రెండింటికీ 10.0.2.15యే వచ్చి ఉంటుంది, ఎవరి యూజర్ నెట్‌వర్క్ వాళ్లది. ప్రతి వీఎంకు రెండో నెట్‌వర్క్ కార్డు ఇచ్చి దాన్ని సాకెట్ రకం నెట్‌డెవ్‌కు కలపండి. ఒకటి 127.0.0.1 మీద ఒక పోర్ట్‌లో వింటుంది, రెండోది దానికి కనెక్ట్ అవుతుంది. వినే వీఎంను ముందు నడపాలి. ఇక్కడ డీహెచ్‌సీపీ ఉండదు, 192.168.50.1, 192.168.50.2 అని చేత్తో పెట్టండి.

ఇంత చేసినా కలవకపోతే మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు నంబర్లు) చూడండి. మీరు ఇవ్వకపోతే క్యూఎమ్యూ ప్రతి వీఎంలోనూ 52:54:00:12:34:56 నుంచే మొదలుపెడుతుంది, దాంతో రెండింటికీ ఒకే మ్యాక్‌లు వస్తాయి. ఒకదానికి చివరి అంకెలు మార్చండి.

ల్యాబ్‌లోని వేరే కంప్యూటర్లకు వీఎం సొంత ఐపీతో కనిపించాలి

దీనికి బ్రిడ్జ్ (వీఎంను అసలు నెట్‌వర్క్‌తో కలిపేది) కావాలి, అడ్మిన్‌ను అడగక తప్పదు. సుడో అడగకండి. బ్రిడ్జ్ ఒకటి తయారు చేసి, క్యూఎమ్యూ బ్రిడ్జ్ హెల్పర్‌ను సెట్‌యూఐడీతో (ఎవరు నడిపినా రూట్ హక్కులతో నడిచేలా) ఉంచి, బ్రిడ్జ్ కాన్ఫిగ్ ఫైల్‌లో దాని పేరుతో ఒక్క అనుమతి లైన్ రాయమనండి. తర్వాత వీఎం నడపడం మీ అకౌంట్‌తోనే అవుతుంది.