కేంద్ర బడ్జెట్‌ను సొంతంగా చదువుకోవడం ఎలా?

ఫిబ్రవరి 1న ఉదయం 11 గంటలకు ఆర్థిక మంత్రి ప్రసంగం మొదలుపెడతారు. మధ్యాహ్నానికల్లా టీవీల్లో 'ఫలానా రంగానికి భారీ కేటాయింపులు' అంటూ స్క్రోలింగ్ పరుగెడుతుంది. సాయంత్రానికి మనకు గుర్తుండేది ఇన్‌కమ్ ట్యాక్స్ స్లాబు ఒక్కటే. నిజానికి ప్రసంగం అవ్వగానే లెక్కలన్నీ ఆర్థిక శాఖ బడ్జెట్ వెబ్‌సైట్‌లోకి వచ్చేస్తాయి, పైసా ఖర్చు లేదు. ఓ గంట సమయం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు. ఇక్కడ ఉదాహరణకు 2025-26 బడ్జెట్ తీసుకుంటున్నాను. ఏ ఏడాదికైనా పద్ధతి ఇదే.

1. ముందు చిన్న పుస్తకం తెరవండి

సైట్‌లో పత్రాల జాబితా చూస్తే కంగారు పుడుతుంది. ప్రసంగం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. 'వార్షిక ఆర్థిక నివేదిక' కూడా పక్కన పెట్టండి. రాజ్యాంగం 112వ అధికరణ అడిగేది దాన్నే (బడ్జెట్ అనే మాట ఆ అధికరణలో ఎక్కడా లేదు), కానీ మామూలు పాఠకుడికి అది కొరుకుడు పడదు. 'బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్' అనే పీడీఎఫ్ దించుకోండి. మనకు కావలసింది చాలావరకు అందులోనే ఉంది.

2. నాలుగు నిలువు వరసలు చదవడం నేర్చుకోండి

నన్నడిగితే బడ్జెట్ చదవడమంటే ఇదే. ప్రతి పద్దుకీ ఎదురుగా నాలుగు అంకెలుంటాయి. మొదటిది రెండేళ్ల కిందటి అసలు ఖర్చు. రెండోది ఇప్పుడు నడుస్తున్న ఏడాదికి ఇస్తామన్న మొత్తం, అంటే బడ్జెట్ అంచనా. మూడోది అదే ఏడాదికి సవరించిన అంచనా. నాలుగోది రాబోయే ఏడాదికి ఇస్తామంటున్నది. టీవీలో వినిపించేది ఈ నాలుగోదే. మీ కళ్లు మాత్రం రెండు, మూడు వరసల మీద ఉండాలి.

ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ వరసే చూడండి. 2024-25కి ఇస్తామన్నది దాదాపు 70,163 కోట్లు. సవరించేసరికి అది 22,694 కోట్లకు పడిపోయింది. 2025-26కి మళ్లీ 67,000 కోట్లు రాశారు. దీన్ని సవరించిన అంచనాతో పోల్చిన వాళ్లు 'దాదాపు మూడింతలు పెంచారు' అంటారు. పాత బడ్జెట్ అంచనాతో పోల్చిన వాళ్లు 'మూడు వేల కోట్లు కోసేశారు' అంటారు. రెండూ అబద్ధం కాదు. కానీ 2024-25కి ఇస్తామన్న దాంట్లో మూడో వంతు కూడా కదల్లేదన్న సంగతి ఆ రెండు హెడ్డింగుల్లోనూ ఉండదు.

దీనికి తిరగబడి జరిగేవీ ఉన్నాయి. ఉపాధి హామీకి 2023-24లో మొదట 60,000 కోట్లే పెట్టి, తర్వాత 86,000 కోట్లకు పెంచారు. పని అడిగిన వాళ్లకు చూపించాలని చట్టం ఉన్న పథకంలో మొదటి అంకె తక్కువగా కనిపిస్తే, ఏడాది మధ్యలో మళ్లీ డబ్బు అడుగుతారనే అనుకోవాలి.

3. అప్పు ఎంతో మీరే లెక్క కట్టండి

2025-26 బడ్జెట్ అంచనాలో మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు. అప్పులు కాకుండా వచ్చేది 34.96 లక్షల కోట్లు. తీసివేస్తే 15.69 లక్షల కోట్లు తేలుతుంది. అదే ద్రవ్యలోటు. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, ఆ ఏడాది చేయాల్సిన అప్పు అనుకుంటే సరిపోతుంది.

జీడీపీలో ఇది 4.4 శాతం అని ప్రసంగంలో చెప్పారు. ఆ జీడీపీ కూడా అంచనాయే. ధరల పెరుగుదలతో కలిపి 10.1 శాతం పెరుగుతుందనుకుని 357 లక్షల కోట్ల దగ్గర పెట్టుకున్నారు. అది తగ్గితే, ఒక్క రూపాయి అదనంగా ఖర్చు చేయకపోయినా లోటు శాతం పెరుగుతుంది.

అప్పు ఎంత అన్నదానికంటే దేనికి అన్నది ముఖ్యం. అదే పీడీఎఫ్‌లో రెవెన్యూ లోటు చూడండి: 5.24 లక్షల కోట్లు. అంటే అప్పులో మూడో వంతు జీతాలు, వడ్డీలు, సబ్సిడీల లాంటి రోజువారీ ఖర్చులకే పోతోంది. ఇల్లు కట్టుకోవడానికి చేసే అప్పు వేరు, కిరాణా కొట్టు బాకీ వేరు కదా. వడ్డీ పద్దు ఒక్కటే 12.76 లక్షల కోట్లు. రోడ్లు, రైళ్ల వంటి ఆస్తుల మీద పెట్టే మూలధన వ్యయం 11.21 లక్షల కోట్లు. వడ్డీకి కట్టేది దానికంటే ఎక్కువ.

4. రూపాయి బొమ్మతో జాగ్రత్త

'రూపాయి రాక, రూపాయి పోక' గుండ్రటి బొమ్మ మర్నాడు పేపర్లన్నిటిలో వస్తుంది. అందులో అప్పు 24 పైసలు, వడ్డీ 20 పైసలు. మొదటిసారి నేను ఈ పైసలను మొత్తం ఖర్చుతో సరిచూడబోయి అరగంట తలపట్టుకున్నాను. ఎంతకీ పొంతన కుదరలేదు. 12.76ను 50.65తో భాగిస్తే 25 పైసలు రావాలి, బొమ్మలో 20 ఉంది.

కిటుకు ఏమిటంటే, రాష్ట్రాలకు పన్నుల్లో వాటాగా వెళ్లే 14.22 లక్షల కోట్లను కూడా ఆ బొమ్మలో కలుపుతారు. అప్పుడు రూపాయి అంటే 64.87 లక్షల కోట్లు. కేంద్రం సొంతంగా పెట్టే ఖర్చుకే చూస్తే అప్పు 24 కాదు, 31 పైసలు. బొమ్మ తప్పేం కాదు. గిన్నె పెద్దదయింది, అంతే.

5. మన రాష్ట్రాల వాటా

ఆ 14.22 లక్షల కోట్లలో పన్నుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం. గుణిస్తే సుమారు 57,500 కోట్లు, 29,900 కోట్లు వస్తాయి. పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీల ద్వారా వసూలైన డబ్బు ఈ పంపకంలోకి రాదు. రాష్ట్రాల గొడవంతా అక్కడే.

6. బడ్జెట్ బయట అప్పులు వెతకండి

ప్రభుత్వం తను అప్పు చేయకుండా తన సంస్థలతో చేయించొచ్చు. అప్పుడు లోటులో అది కనిపించదు. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) కథ ఇందుకు సాక్ష్యం. ఆహార సబ్సిడీ బాకీ పూర్తిగా ఇవ్వకుండా చిన్న పొదుపు నిధి నుంచి ఆ సంస్థతో అప్పు చేయించారు. 2021 ఫిబ్రవరిలో దాన్ని కేంద్రం తన లెక్కల్లోకి తెచ్చుకుంది. 2020-21 ద్రవ్యలోటు అంచనా జీడీపీలో 3.5 నుంచి 9.5 శాతానికి ఎగబాకడానికి కరోనాతో పాటు ఇదీ ఒక కారణం. 'వ్యయ స్వరూపం' (ఎక్స్‌పెండిచర్ ప్రొఫైల్) అనే పత్రంలో బడ్జెటేతర వనరుల పట్టిక ఉంటుంది, ఒకసారి దాన్ని కూడా తిరగేయండి.

7. ఏడాది పొడుగునా ఓ కన్నేసి ఉంచండి

అన్ని పద్దుల వెంటా పడక్కర్లేదు. మీకు కావలసిన పథకాలు రెండో మూడో ఎంచుకుని నాలుగు వరసల అంకెలూ ఒక కాగితం మీద రాసుకోండి. కేంద్రం లెక్కలు చూసే కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ నెల నెలా కేంద్రం రాబడి, ఖర్చులు ప్రకటిస్తుంది. పార్లమెంటు సమావేశాల్లో అనుబంధ పద్దులు పెట్టినప్పుడు దేనికి అదనంగా అడిగారో చూడండి. మళ్లీ ఫిబ్రవరి 1 వచ్చాక ప్రసంగం నడుస్తుండగానే ఆ కాగితం తీసి పెట్టుకోండి. కొత్త పుస్తకంలో మీరు చూడాల్సింది మూడో వరస.