తీరంలో దొరికిన ఆల్చిప్పను పరిశీలించే పద్ధతి

హైదరాబాదులో ఆల్చిప్ప అనగానే చాలామందికి పత్థర్‌గట్టీ ముత్యాలే గుర్తుకొస్తాయి. భీమిలికో కాకినాడకో వెళ్లినప్పుడు దొరికిన ఖాళీ చిప్పను శ్రద్ధగా చూస్తే, అందులో ఉన్న జీవి ఎక్కడ, ఎలా బతికిందో చాలావరకు తెలుస్తుంది.

చిప్పను మంచినీటిలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో బురద పోయేలా రుద్ది ఆరబెట్టండి. అంచులు చేతిని కోస్తాయి, జాగ్రత్త. లోపలివైపు నిగనిగలాడుతూ రంగులు మారుతుంటే, రెండు చిప్పలు కలిసే చోటు తిన్నగా ఉంటే, అది ముత్యపు చిప్ప. మన్నార్ సింధుశాఖ వంటి ఉప్పు నీటి సముద్రంలో అది పోగులతో రాతిని పట్టుకుని జీవిస్తుంది. లోపల తెల్లగా ఉండి, ముదురు ఊదారంగు మచ్చ ఒకటి కనిపిస్తే అది వేరే కుటుంబానికి చెందిన, మనుషులు తినే రకం ఆల్చిప్ప. రెండు చిప్పలనూ మూసి పట్టే కండరం అతుక్కున్న చోటే ఆ మచ్చ. పాటు వేళ నీరు తీసినా, వరదొచ్చి ఉప్పు తగ్గినా, ఆ కండరాన్ని బిగించే అది ఓర్చుకుంటుంది.

తర్వాత ఈ తినే రకంలో లోతుగా ఉన్న ఎడమ చిప్పను తిరగేసి చూడండి. ఉప్పుటేర్లలోనూ నదీముఖాలలోనూ ఈ జీవి రాతికో మడచెట్టు వేరుకో మరో చిప్పకో ఆ వైపుతోనే జీవితాంతం అతుక్కుని ఉంటుంది గనుక, అతుక్కున్న చోటి ఆకారమే దానికి వస్తుంది. పొరలు లెక్కపెట్టి వయసు చెప్పాలని చూడకండి. మన వేడి నీళ్లలో ఏడాదికొక పొర అన్న నియమం లేదు.

పైన గోరంత చిప్పలు అంటుకుని ఉన్నాయేమో భూతద్దంతో వెతకండి. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల రెండు మూడు వారాలు నీటిలో తేలియాడి, చివరికి పాదం మొలిచాక గట్టి చోటును తడిమి చూసుకుని, అక్కడే అతుక్కుని ఆ పాదాన్ని కోల్పోతుంది. దానికి ఎంతో ఇష్టమైన చోటు పాత ఆల్చిప్పే. అందుకే సున్నం కోసం చిప్పలను దిబ్బలు దిబ్బలుగా తరలించడం నాకు తీరని నష్టంగా కనిపిస్తుంది. పోయేది చచ్చిన గుల్లలే అయినా, రాబోయే తరానికి నిలవడానికి చోటుండదు.

బతికినవాటిని చూడాలంటే దళసరి చెప్పులు వేసుకుని పాటు వేళ వెళ్లండి, ఊడబెరకకండి. మొప్పల మీది సన్నని నూగుతో నీటిని లోపలికి లాగి, అందులోని సూక్ష్మమైన నాచును వడకట్టుకుని తినే జీవి ఇది. ఆ నీటిలోని మురుగు క్రిములు కూడా దాని ఒంట్లో చేరతాయి కనుక, ఉప్పుటేటిలో ఏరినదాన్ని ఎంత తాజాగా కనిపించినా పచ్చిగా తినవద్దు.